శౌరయ్యగారి చక్రం కింద రాయి

"పిల్ల పిలిస్తే పలకదు. ఆ బండి కిందికి దూరి పడుకుంటే మనకెలా తెలుస్తుందండీ?"

ఈ మాట మావారితో చాలాసార్లు అన్నాను. ఆయన పామర్రు హైస్కూల్లో లెక్కల మాస్టారు. పొద్దున్నే బస్సు అందుకోవాలి కాబట్టి చొక్కా గుండీలు పెట్టుకుంటూనే వినేవారు. "బండికి ఆయనున్నాడు, పిల్లకి ఆవిడుంది. మధ్యలో నీకెందుకు బెంగ?" అనేవారు. ఆవిడంటే తెరేసమ్మగారు, మా ఇంటివాళ్ళావిడ. ఆయనంటే ఆమె భర్త శౌరయ్యగారు. బండి అంటే వాళ్ళ బ్రేక్‌డౌన్ లారీ.

డెబ్బై అయిదులో భవానీపురంలో వాళ్ళింటి వెనక వాటాలో అద్దెకు దిగాం. నేను ఫిజిక్సు చదివి, ఊళ్ళో ఒక ఆడపిల్లల కాలేజీ ల్యాబులో డిమాన్‌స్ట్రేటరుగా చేసేదాన్ని. మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేసేదాన్ని. అప్పటిదాకా పిల్లని తెరేసమ్మగారు చూసుకునేది. అప్పటికి మా జానకికి రెండేళ్ళు దాటాయి. నడుస్తుంది, నవ్వుతుంది, మట్టి తింటుంది. మాట మాత్రం రాలేదు. పేరుపెట్టి పిలిస్తే తల తిప్పదు. వెనక నిలబడి పళ్ళేన్ని గరిటెతో కొడితే ఒక్కోసారి తిరుగుతుంది, ఒక్కోసారి తిరగదు. ల్యాబులోంచి ట్యూనింగ్ ఫోర్కు తెచ్చి దాని తల వెనక మోగించాను. మెల్లగా ఇటు తిరిగింది. ఫోర్కు వంక చూడలేదు. నా వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు నా భుజం మీదుగా చూసింది. డాక్టరు "చెవి బాగానే ఉన్నట్టుందమ్మా, ఆగి చూద్దాం" అన్నాడు. ఆగడం నాకు చేతనయ్యేది కాదు. రోజంతా దాన్ని పిలుస్తూనే ఉండేదాన్ని.

శౌరయ్యగారు అలా ఎవరినీ పదేపదే పిలిచేవారు కాదు. ఒక్కసారి పిలిచేవారు. ఆ పిలుపు సంగతి చెప్పాలంటే ఆయన పని సంగతి చెప్పాలి.

ఆయనది పామర్రు పక్క పల్లె. తండ్రి ఊళ్ళో ఆసాముల పొలాలు దున్నినవాడు. "మా నాన్న ఎడ్లతో లాగాడు, నేను ఇంజనుతో లాగుతున్నా. మా వంశానికి ప్రభువు లాగుడే రాశాడు" అని నవ్వేవారు. చిన్నప్పుడు లారీ క్లీనరుగా చేరి, డ్రైవరై, చివరికి మిలిటరీవాళ్ళు వేలం వేసిన పాత లారీ ఒకటి పట్టి, వెనక క్రేను బిగించుకున్నారు. బందరు కాలవలోనో ఏలూరు కాలవలోనో లారీ పడితే, పొలంలోకి బస్సు దిగబడితే, ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. దాన్ని పైకి లాగి, ఆటోనగర్ షెడ్డులదాకా ఈడ్చుకెళ్ళి అప్పగించి వచ్చేవారు. అలా వచ్చిన రోజు నూతి దగ్గర తలస్నానం చేసేదాకా ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.

ఆయన బండికి సెల్ఫు స్టార్టరు సరిగ్గా పనిచేసేది కాదు. అందుకని ఇంటి పక్క ఖాళీ స్థలంలో, రోడ్డువైపు వాలుగా ఉన్నచోట, ముక్కు కిందికి పెట్టి నిలిపేవారు. చక్రానికి అడ్డం పెట్టిన రాయి తీస్తే బండి దానంతటది దొర్లుతుంది. దొర్లుతుండగా క్లచ్చి వదిలితే ఇంజను అందుకుంటుంది. గేరులో పెట్టి నిలుపుదామంటే ఆ ముసలి గేరుపెట్టెకి పట్టు పోయింది. నిలబడ్డప్పుడు దానికి ఆధారం చేతిబ్రేకూ, వెనక చక్రానికి ముందు పెట్టే ఒక రాయీ. ఆ రాయి గుణదల కొండ కిందినుంచి ఆయన మోసుకొచ్చిందట. దానిమీద ఉలితో సిలువ చెక్కించి, ఇనుప రింగు వేయించారు. రింగుకి కట్టిన తాడు క్యాబినులోకి ఉంటుంది. ఆ తాడు లాగితే రాయి పక్కకి వస్తుంది.

నా భయమంతా ఇక్కడే. ఆ బండి కదిలేటప్పుడు మొదట చప్పుడు ఉండదు.

దానికి శౌరయ్యగారి దగ్గర ఒక ఆచారం ఉంది. లారీ క్లీనర్లు మధ్యాహ్నం ఎండకి బండి కిందే పడుకుంటారు కాబట్టి పాతకాలపు డ్రైవర్లందరూ చేసేవారట. బండి చుట్టూ తిరిగి, వంగి చూసి, తలుపుమీద అరచేత్తో కొట్టి, "లోపలెవరు?" అని పిలవాలి. పిలిచి ఆగాలి. ఆయన దాన్ని ఇంకాస్త ముందుకు తీసుకుపోయారు. కాలవలో మునిగిన బండికి గొలుసు వేసే ముందు కూడా, గట్టుమీద నిలబడి ఆ డ్రైవరు పేరు కనుక్కుని, పేరు పెట్టి పిలిచేవారు. అందులో మనిషి లేడని తెలిసినా పిలిచేవారు. తెరేసమ్మగారు ఏడిపించేది.

"మా పెళ్ళప్పుడు గుళ్ళో ఫాదరు అడిగితే ఈయన వెంటనే ఒప్పుకోలేదమ్మాయ్. బల్లకింద వంగి చూసి అప్పుడు సరేనన్నాడు."

"చూశాను గాబట్టే ఇంతకాలం బతికా. నీ తమ్ముళ్ళు ఆడే ఉన్నారు" అనేవారాయన.

ఆ వానాకాలంలో బందరు కాలవలో ఒక లారీ పడింది. ధాన్యం దించి పామర్రు తిరిగి వెళుతున్న లారీ. డ్రైవరు పేరు జక్కయ్య. శౌరయ్యగారు వెళ్ళి, గట్టుమీద నిలబడి పేరుపెట్టి పిలిచి, లాగారు. లారీ వచ్చింది. తలుపు వేసినట్టే ఉంది, అద్దం ఎత్తినట్టే ఉంది, లోపల మనిషి లేడు. ఆ పైన కాలవంతా వెతికినా దొరకలేదు.

ఆ లారీ యజమానికి దాన్ని మళ్ళీ రోడ్డెక్కించే మనసు లేకపోయింది. ముక్కలకి అమ్మేశాడు. చక్రాలు మాత్రం ఆటోనగర్లో ఎవరూ ముట్టుకోలేదు. "వాకిట్లో పెట్టుకోలేకపోతున్నానయ్యా, నువ్వైనా తీసుకుపో" అని శౌరయ్యగారికి ఇచ్చేశాడు. అవి మా గోరింటాకు చెట్టు పక్కకి వచ్చి పడ్డాయి. దొర్లించినప్పుడు వాటి లోపల నీళ్ళు కదిలేవి. టైరుకీ ట్యూబుకీ మధ్యన కాలవ నీళ్ళు చేరి ఉంటాయని నాకు తెలుసు. అయినా ఆ గలగల వింటే, నిద్రపోతున్న మనిషి పక్కకి ఒత్తిగిలినట్టు ఉండేది.

అవి వచ్చిన నాలుగోరోజో అయిదోరోజో పామర్రు నుంచి జక్కయ్య భార్య రావమ్మ వచ్చింది. వయసు నాకంటే తక్కువే. అరుగుమీద కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీరు పిలిచి లాగుతారంటగదా బాబాయ్. పిలిచారా?" అంది.

"పిలిచానమ్మా."

"పలికాడా?"

"లేదమ్మా" అన్నారు శౌరయ్యగారు.

"మనిషి దొరకలా, ఆత్మయినా పలకందే కర్మ ఎట్టా చేసేది? మా అత్త ఒప్పుకోటంలా. పలికేదాకా పిలవండి బాబాయ్. మీరు ఎప్పుడు బండి తీసినా ఒకసారి పిలవండి. పలికితే వచ్చి చెప్పండి."

ఆమె ఒక్కో టైరునీ చేత్తో తాకి, వచ్చిన బస్సుకే వెళ్ళిపోయింది. ఆనాటినుంచి శౌరయ్యగారు తలుపుమీద కొట్టి "లోపలెవరు?" అనడం మానేశారు. "జక్కయ్యా" అని పిలిచేవారు. పిలిచి, రెండు చేతులూ నడుంమీద పెట్టుకుని, తల కాస్త వంచి ఆగేవారు. ఆ ఆగినంతసేపూ మా ఇంట్లో కుక్కరు చప్పుడు కూడా నాకు పెద్దగా వినిపించేది. జానకి గుమ్మంలో నిలబడి ఆయన్నే చూసేది.

ఒక ఆదివారం ఆయన చర్చిలో పూజనుంచి వచ్చి, తెల్లచొక్కాతోనే ఆ టైర్ల ముందు కూర్చుని నన్ను పిలిచారు.

"టీచరమ్మగారూ, ఒక సంగతి చెప్పండి. ఇప్పుడు నా బండికున్నవి ఏడున్నర ఇరవై. ఇవి తొమ్మిది ఇరవై. మొదటి అంకె టైరు లావు, ఇరవయ్యంటే మధ్యలో రిమ్ము ఎత్తు, అంగుళాల్లో. రిమ్ము రెండిటికీ ఒకటే. టైరు మాత్రం ఇది లావు, ఎత్తు. వెయ్యొచ్చంటారా?"

"మీకు తెలియనిదా బాబాయిగారూ?"

"నాకు తెలిసింది నా దగ్గరుందిలెండి. మీకు తెలిసింది అడుగుతున్నా." ఆయనే మళ్ళీ అందుకున్నారు. "ఏడున్నర టైరు పొలంలో దిగితే బొడ్డుదాకా దిగబడుద్ది. వెనక లోడు లారీని ఎత్తి పట్టుకుంటే నలిగి పక్కకి ఉబ్బుద్ది. మొన్న ఎండల్లో ఒకటి పేలింది గూడా. ఇదయితే బరువు మోసుద్ది, బురదలో నిలబడుద్ది."

నేను పుల్లతో నేలమీద రెండు వృత్తాలు గీశాను. "ఇరుసుని తిప్పే బలం మారదు కదండీ. చక్రం పెద్దదయ్యేకొద్దీ ఆ బలం నేలదాకా వచ్చేసరికి తగ్గిపోతుంది. చెయ్యి చాచేకొద్దీ పట్టుకున్న బిందె బరువెక్కినట్టు. మీ బండి లాగే శక్తి పదోవంతు దాకా పోతుంది."

"మొదటి గేరులో మెల్లగా లాగుతా. ఇంకా?"

"బ్రేకూ అంతే. పట్టుకునే బలమూ అంతే తగ్గుతుంది."

"ఊఁ" అన్నారు. "మధ్యలో ఎనిమిదింపావు ఇరవై అని ఉంది. నిజానికి నా బండికి సరైన జోడు అదే. లాగుడూ పోదు, బరువూ మోసుద్ది. కాని అవి దొరకటంలా. డీలరు రేపు రమ్మంటాడు, ఎల్లుండి రమ్మంటాడు. వానలు తగ్గేలోపల పొలాల్లో ఎన్ని దిగబడతయ్యో."

తెరేసమ్మగారు చేటలో బియ్యం ఏరుతూ అంది, "చచ్చినోడి చెప్పులు ఏసుకుంటావా నువ్వు?"

"చచ్చాడని ఎవరన్నారే? దొరకలేదన్నారు."

"అది మరీ అధ్వాన్నం. వచ్చి అడిగితే ఏం చెప్తావు?"

ఆయన దానికి నవ్వలేదు. చివరికి తొమ్మిది ఇరవయ్యే వేయించారు. ఆటోనగర్లో చక్రం కుదిరేలా హబ్బులు మార్పించారు, టైర్లు విప్పించి నీళ్ళు పారబోయించారు. ఇంటికొచ్చాక ఫాదరుగారు వచ్చి తీర్థం చల్లారు. బండి ఇంతెత్తున లేచి, కొత్తగా, ఇంకొకరి బండిలా కనిపించింది.

రాయి మాత్రం పాతదే. దాన్ని మార్చాలన్న ఊసే ఎవరికీ రాలేదు. పైగా తెరేసమ్మగారు "టైర్లు ఎవరివైనా సరే, రాయి మాత్రం మరియమ్మ తల్లి కొండది. దాని బదులు ఇంకోటి పెట్టొద్దు" అంది. ముందెన్నడూ లేనిది దాని పక్కన కొవ్వొత్తి కూడా పెట్టింది.

ఆ వారంలోనే బండి కదలడం మొదలుపెట్టింది.

బంపరు కొసకీ, ఒక పక్కగా ఉన్న గోరింటాకు చెట్టుకీ మధ్యన నేను నడిచి వెళ్ళేంత దారి ఉండేది. ఒకరోజు పొద్దున జానకిని ఎత్తుకుని వెళుతుంటే నా చీర బంపరుకి తగులుకుంది. ఇంకొకరోజు చూస్తే అక్కడ దారే లేదు. మరికొన్నాళ్ళకి గోరింటాకు కొమ్మ బంపరు కిందికి పోయి ఉంది. నేలమీద జాడ కూడా లేదు. రాయి చక్రానికి ఆనుకునే ఉంది, కాని కాస్త ఓరగా, ఎవరో మోకాలితో నెట్టినట్టు.

శౌరయ్యగారు బండిని వెనక్కి తెచ్చి నిలిపేవారు. అది మళ్ళీ వచ్చేది.

తెరేసమ్మగారు దాని ముక్కు ఎటుందో చూపించింది. "ఆ రోడ్డెక్కి బస్టాండు దాటితే బందరు రోడ్డే గదా అమ్మాయ్. పామర్రు ఎళ్ళాల్సినోడు. ఎళ్తున్నాడు."

నాకు కారణం కావాలి. ఆలోచించాను. ఆ పాత బండికి చేతిబ్రేకు ఒక డ్రమ్ము చుట్టూ పట్టాలా బిగుసుకుంటుంది. బండి తిరిగొచ్చినప్పుడు డ్రమ్ము వేడిమీద ఉంటుంది. చల్లారాక అది కుంచించుకుంటుంది, పట్టా వదులవుతుంది. పాత చక్రాలకి ఆ వదులు పట్టు కూడా సరిపోయేది. ఇప్పుడు పట్టే బలం తగ్గింది కాబట్టి బండి జారుతోంది. ఈ సంగతి శౌరయ్యగారికి చెబితే శ్రద్ధగా విన్నారు. ఆటోనగర్ వెళ్ళి పట్టా బిగించుకొచ్చారు. రెండురోజులు కదలలేదు. మూడోరోజు కదిలింది.

"మీ లెక్క తప్పని కాదండీ" అన్నారాయన గోరింటాకు కొమ్మ విడదీస్తూ. "కాని లెక్కకి ముక్కు ఎటుందో తెలవదు గదా."

దానికితోడు ఒక శబ్దం. వెనక జంట చక్రాలనుంచి వచ్చేది. చెవిలో గుసగుసగా చెప్పినట్టు, స్ స్ అని, ఆగి, మళ్ళీ స్ స్ అని. లావు టైర్లు పక్కపక్కన బిగిస్తే కింద ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. అది నాకు తెలుసు. నిలబడ్డ బండిలోంచి ఆ చప్పుడు వచ్చిందంటే బండి నిలబడి లేదన్నమాట. అదీ నాకు తెలుసు. తెలిసినందువల్ల భయం ఇంకా పెరిగింది.

ఆ శబ్దాన్ని మొదట కనిపెట్టింది జానకి. నా ట్యూనింగ్ ఫోర్కుకి సరిగ్గా తిరగని పిల్ల, ఆ చక్రానికి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడి ఉండగా చూశాను. ఎత్తుకుని లోపలికి తెచ్చాను. దాని చెంపమీద టైరు గీతలు ఎర్రగా పడి ఉన్నాయి. ఆ రోజునుంచి దాన్ని ఎక్కడ దింపినా నడక అటే. మావారు వెదురుతడిక అడ్డం కట్టారు. తడిక కింద కుక్క తవ్విన సందు ఉంది. అందులోంచి దూరేది.

ఆ మధ్యాహ్నం నేను కాలేజీనుంచి వచ్చేసరికి శౌరయ్యగారు ఏదో పనిమీద వెళ్ళి వచ్చి భోంచేస్తున్నారు. బండి వాలుమీద ఉంది. ఇంజనులోంచి వేడి ఇంకా కొడుతోంది. నేను చేతులు కడుక్కుని, జానకి తెరేసమ్మగారి దగ్గర నిద్రపోతోందనుకున్నాను. నేను రావడం చూసి తెరేసమ్మగారు, పిల్ల నా దగ్గరికి వెళ్ళిందనుకుంది.

అంతలో ఇద్దరు మనుషులు సైకిలు మీద వచ్చారు. కంకిపాడు అవతల లారీ ఒకటి కాలవగట్టు మీద సగం వేలాడుతోందట. క్లీనరు లోపలే ఉన్నాడట, బతికే ఉన్నాడట. "తొందరగా రావాలి శౌరయ్యా, గట్టు జారుతోంది" అన్నారు. ఆయన చెయ్యి కడిగి తువ్వాలుతో తుడుచుకుంటూనే బండి దగ్గరికి నడిచారు.

"జానకేదండీ?" అన్నాను తెరేసమ్మగారితో.

"నీ దగ్గర లేదా?"

నేను పిలవడం మొదలుపెట్టాను. జానకీ, జానకీ, జానకీ, అంటూ నూతివైపు పరుగెత్తాను. అక్కడ లేదు. పిలుస్తూనే వాకిట్లోకి వచ్చాను. వచ్చినవాళ్ళలో ఒకాయన "రాయి తియ్యమంటావా?" అంటూ తాడు అందుకున్నాడు.

"ఆగు" అన్నారు శౌరయ్యగారు. నావైపు తిరిగి, "అమ్మా, మీరు కాసేపు ఊరుకోండి" అన్నారు.

అంత మాట ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. నా నోరు మూతపడింది.

ఆయన తలుపుమీద అరచేత్తో కొట్టారు. "జక్కయ్యా" అని పిలిచారు. ఎప్పటిలాగే నడుంమీద చేతులు పెట్టుకుని, తల వంచి ఆగారు. అక్కడున్న అందరం ఆగాం. ఎండలో ఏదీ కదలలేదు.

"ఆఁ" అని వినిపించింది.

చిన్న గొంతు. నింపాదిగా, ఇదుగో వస్తున్నా అన్నట్టు. బండి కిందినుంచి వచ్చింది.

శౌరయ్యగారు మోకాళ్ళమీద కూలబడి చూశారు. ఆయన వెనకనుంచి నేనూ చూశాను. జానకి వెనక చక్రానికి ముందు, రాయికి ఇవతల, నీడలో వెల్లకిలా పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. చక్రం దానికి బారెడు దూరంలో ఉంది. ఆ చక్రం అప్పటికే రాయి మీదికి ఎక్కుతోంది. ఎక్కడం కంటికి కనిపించడం లేదు. కాని రాయి పక్కనున్న కొవ్వొత్తి మొదలు మెల్లగా నలిగి చదునవుతోంది. స్ స్ అన్న గుసగుస వినిపిస్తోంది.

ఆయన నేలమీద బోర్లా పడి, ఒక చెయ్యి లోపలికి చాచి, పిల్లను కాలు పట్టుకుని ఈడ్చారు. లాగడంలో తొందర లేదు, తడబాటూ లేదు. ఆయన జీవితమంతా చేసిన పని అదే కదా. నేను దాన్ని అందుకుని రెండడుగులు వెనక్కి వేశానో లేదో, బండి రాయి ఎక్కి దిగింది. ఎవరో దింపినట్టు మెత్తగా దిగింది. వాలు వెంట నడిచిపోయింది. రోడ్డెక్కి, బస్టాండువైపుగా ఎడమకి తిరిగి, ఎదురింటి ప్రహరీగోడకి ముక్కు ఆనించి ఆగింది. అంతసేపూ ఇంజను చప్పుడు లేదు.

చక్రాలు నిలిపేటప్పుడే ఎడమకి తిరిగి ఉన్నాయని తరవాత శౌరయ్యగారే చెప్పారు. పెద్ద చక్రం అదే రాయిని చిన్నచక్రం కంటే సులువుగా ఎక్కుతుందని నాకు తరవాత తట్టింది. మెట్టెక్కే చక్రం లెక్క ఫిజిక్సు చదివిన ప్రతివాళ్ళూ ఒకసారి చేసే ఉంటారు. మేమంతా చక్రం మార్చాం, రాయిని మాత్రం దేవుడిదని ఉంచేశాం.

శౌరయ్యగారు ఆ రోజు కూర్చోలేదు. "అక్కడింకొకడు పలుకుతున్నాడు" అని, బండిని గోడనుంచి వెనక్కి తోయించి స్టార్టు చేసి, ఆ చక్రాలతోనే కంకిపాడు వెళ్ళారు. క్లీనరుని బతికుండగానే తీశారు. తిరిగొచ్చి తలస్నానం చేశాక మా గుమ్మంలోకి వచ్చారు. జానకి నా ఒళ్ళో ఉంది. నేను దాన్ని అప్పటిదాకా కింద దింపలేదు.

"రేపు పామర్రు పోతున్నానండీ. ఆమె అడుగుద్ది. ఏం చెప్పమంటారు, పలికాడనా, లేదనా?"

"పలికింది మా అమ్మాయి కదండీ."

"పలికింది మీ అమ్మాయే. నేను పిలిచింది మాత్రం జక్కయ్యని."

మర్నాడు ఆయన ఆటోనగర్లో పాత హబ్బులూ, ఏడున్నర టైర్లూ వేయించుకుని, ఆ తొమ్మిది ఇరవయ్యిలన్నీ వెనక ఎక్కించుకుని పామర్రు వెళ్ళారు. వట్టి బండితో వచ్చారు. రావమ్మవాళ్ళు ఆ నెలలో కర్మ చేశారని మావారు స్కూల్లో విని వచ్చి చెప్పారు. ఆ టైర్లని ఏం చేశారో ఎవరూ అడగలేదు. ఆ పైన కొన్నాళ్ళకి ఎనిమిదింపావు ఇరవై దొరికాయి. వాటి కొలత తీసుకుని శౌరయ్యగారు తుమ్మదుంగతో ఏటవాలు దిమ్మలు రెండు కోయించారు. గుణదల రాయిని తెరేసమ్మగారు ఇంట్లో పటం కిందికి చేర్చింది. "నిన్ను పనిలో పెట్టింది మేం, తప్పు నీది కాదులే తల్లీ" అని దానితో అంటుంటే విన్నాను. బండి ఇక కదలలేదు.

నేను లెక్క వేసుకున్నాను. ఆయన ఆ పేరు రోజూ పిలిచేవారు. పిల్ల రోజూ వినేది. పిలుపు తరవాత అంత నిశ్శబ్దం ఉంటే అందులోకి ఏదో ఒకటి రావాలని దానికి తోచి ఉంటుంది. ఇది సరైన కారణమే అనుకుంటాను. అయినా ఆ "ఆఁ" అన్న తీరు, పనిచేసి అలిసిన మనిషి పలికినట్టు నింపాదిగా పలికిన ఆ తీరు, నాకు ఇప్పటికీ అందదు. తరవాత నెలలో జానకి అమ్మా అంది, నీళ్ళు అంది. జానకీ అంటే తిరగడానికి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది. ఆ మధ్యలో ఆ ఇంకో పేరుతో పిలిస్తే పలికేదేమో తెలియదు. ప్రయోగాలు చేయించడం నా ఉద్యోగం. ఆ ఒక్క ప్రయోగం మాత్రం నేను చేయలేదు, ఇంట్లో ఎవరినీ చేయనివ్వలేదు.

ఇప్పుడు మేం ఆ ఇంట్లో లేం. జానకి బడికి వెళుతోంది, మాటలు ఆపమంటే ఆపదు. మావారు స్కూటరు కొన్నారు. ఇల్లు మారే రోజు శౌరయ్యగారు మా సామాను తన బండిలోనే తెచ్చి దింపారు. వెళ్ళబోతూ తలుపుమీద కొట్టి, "లోపలెవరు?" అని పిలిచి, ఆగి, అప్పుడు నాతో ఒక మాట చెప్పారు. స్కూటరు స్టాండు తీసే ముందు, తలుపు గడియ వేసే ముందు, నూతిమీద మూత పెట్టే ముందు, నేను ఇప్పుడు ఆ మాట ప్రకారమే చేస్తున్నాను. జానకి బడిలో ఉందని తెలిసిన వేళ కూడా చేస్తున్నాను.

"మీరు పిల్లని పిలుస్తారు గాని ఆగరు టీచరమ్మగారూ. పిలుపు మీద పిలుపు పడితే పలికేవాళ్ళకి సందేదీ? ఒక్కసారి పిలవండి. పిలిచి నోరు మూసుకుని ఆగండి. పలికినా పలకకపోయినా, వంగి కిందికి చూడందే మాత్రం దేన్నీ కదపమాకండి."